పిల్లల దంతవైద్యంలో ఆసుపత్రి రెసిడెన్సీ: అక్కడ అసలు నేర్చుకునేది ఏమిటి?

అమెరికాలో పిల్లల దంతవైద్యంలో ప్రత్యేక శిక్షణకు దరఖాస్తు చేయబోతున్న మీరు మూడు విషయాలు అడిగారు. విశ్వవిద్యాలయ దంతకళాశాలలో నడిచే కార్యక్రమానికీ పిల్లల ఆసుపత్రిలో నడిచే రెసిడెన్సీకీ (అక్కడే పనిచేస్తూ పొందే ప్రత్యేక శిక్షణకూ) తేడా ఏమిటన్నది మొదటిది, రెండింటిలో దేన్ని ఎంచుకోవాలన్నది రెండవది, ఆసుపత్రిలో శిక్షణ పొందినవారికి చేతిపని బాగా వస్తుందన్న మాట నిజమేనా అన్నది మూడవది. నేను ఆసుపత్రిలోనే శిక్షణ పొంది, చాలాకాలంగా అటువంటి చోటే రెసిడెంట్లకు నేర్పుతున్నాను కాబట్టి నా మాట ఎటువైపు మొగ్గుతుందో దృష్టిలో పెట్టుకుని చదవండి.

మూడవ ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే మిగిలిన రెండూ దాని మీదనే ఆధారపడి ఉన్నాయి. పాలపంటికి స్టీలు క్రౌన్ తొడగడం, పుచ్చు నరం దాకా పోయిన పంటికి పల్పాటమీ (పంటి లోపలి నరభాగంలో పైభాగాన్ని తీసేయడం) చేయడం, ముందుపళ్లకు పూత వేసి ఆకారం తేవడం వంటి చేతిపని రెండు చోట్లా వస్తుంది. సరిపడా రోగులు ఉన్న మంచి దంతకళాశాలలో ఆసుపత్రి కంటే బాగా కూడా రావచ్చు. ఆసుపత్రి ప్రత్యేకంగా నేర్పేది నిర్ణయం తీసుకోవడం. ఈ బిడ్డకు ఈ వైద్యం ఇప్పుడే అవసరమా, కొన్ని నెలలు ఆగవచ్చా, మామూలు కుర్చీలో కుదురుతుందా, సెడేషన్ (బిడ్డను శాంతపరిచే పాక్షిక మత్తు) ఇవ్వాలా, పూర్తి మత్తులో ఆపరేషన్ థియేటర్‌లో చేయాలా, లేక ఈ బిడ్డను మన చేతికి తీసుకోకుండా మరొకరికి అప్పగించడమే మేలా అన్న ప్రశ్నలకు, ఆ బిడ్డ గుండె, రక్తం, శ్వాసనాళం ఎలా ఉన్నాయో తెలిసి జవాబు చెప్పగలగడం ఆ విద్య. ఇది పుస్తకంలో చదివితే అబ్బదు. తప్పు నిర్ణయం తీసుకోబోయినప్పుడు పక్కనున్న మత్తువైద్యుడో హృద్రోగ నిపుణుడో ఆపి కారణం చెప్పినప్పుడే అబ్బుతుంది.

నియమాల దగ్గరికి వస్తే, అమెరికాలో రెండు రకాల కార్యక్రమాలకూ గుర్తింపు ఇచ్చేది ఒకే సంస్థ, కమిషన్ ఆన్ డెంటల్ అక్రెడిటేషన్. పిల్లల దంతవైద్యంలో ఏ కార్యక్రమమైనా కనీసం 24 నెలలు ఉండాలి. మత్తువైద్య విభాగంలో కనీసం నాలుగు వారాల రొటేషన్ (ఆ విభాగంలోనే ఉండి పనిచేసే కాలం), పిల్లల వైద్య విభాగంలో కనీసం రెండు వారాల రొటేషన్ తప్పనిసరి. రెసిడెంట్ కనీసం 20 మందికి నైట్రస్ ఆక్సైడ్ (పీల్చే తేలికపాటి మత్తువాయువు) ఇచ్చి స్వయంగా వైద్యం చేయాలి. ఇతర మత్తుమందులతో జరిగే సెడేషన్లలో కనీసం 50 కేసుల్లో పాలుపంచుకోవాలి, అందులో 25 కేసుల్లో వైద్యం చేసే వ్యక్తి తానే అయి ఉండాలి. థియేటర్‌లో పూర్తి మత్తులో జరిగే కేసులు కనీసం 20 చూడాలి, వాటిలో పది కేసుల్లో శస్త్రచికిత్సకు ముందు పరీక్ష నుంచి ఇంటికి పంపి తిరిగి చూసేదాకా బాధ్యత అంతా రెసిడెంట్‌దే. అంటే మీరు విశ్వవిద్యాలయంలో చేరినా థియేటర్‌ను తప్పించుకోలేరు. కాకపోతే ఇవి కనీస సంఖ్యలు. పిల్లల ఆసుపత్రిలో ఉన్న రెసిడెంట్ ఈ సంఖ్యను చాలా ముందుగానే దాటేస్తాడు, కొన్ని దంతకళాశాలల్లో మాత్రం ఆఖరి నెలల్లో కేసులు లెక్కపెట్టుకోవలసి వస్తుంది. పైగా చాలా కార్యక్రమాలు ఈ రెండింటి కలయికగానే నడుస్తాయి. బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్ హార్వర్డ్ దంతవైద్య పాఠశాలతో, కొలంబస్‌లోని నేషన్‌వైడ్ చిల్డ్రన్స్ హాస్పిటల్ ఒహైయో స్టేట్ విశ్వవిద్యాలయంతో కలిసి పనిచేస్తాయి. అందువల్ల పేరు మీద "ఆసుపత్రి" అని ఉందా, "విశ్వవిద్యాలయం" అని ఉందా అన్నదాని కంటే మీ వారంలో ఏ రోజు ఎక్కడ గడుస్తుందన్నది ముఖ్యం.

రెసిడెన్సీలో అన్నిటికంటే విలువైన కాలం ఏదని అడిగితే నేను మత్తువైద్య విభాగంలో గడిపే ఆ నాలుగు వారాలనే చెబుతాను. అక్కడ దంతవైద్యుడు పళ్ల వైపు చూడడు, బిడ్డ ఊపిరి వైపు చూడడం నేర్చుకుంటాడు. చిన్నపిల్లల ఊపిరితిత్తుల్లో నిలువ ఉండే గాలి తక్కువ, శరీరం ఆక్సిజన్‌ను ఖర్చుచేసే వేగం ఎక్కువ. అందువల్ల ఊపిరి ఆగిన తర్వాత రక్తంలో ఆక్సిజన్ పడిపోవడానికి పెద్దవారిలో పట్టే సమయం వారిలో పట్టదు. పెద్దవారిలో ఆపద చాలాసార్లు గుండెతో మొదలవుతుంది, పిల్లల్లో ఎక్కువగా శ్వాసతో మొదలవుతుంది, గుండె ఆ తర్వాత లొంగిపోతుంది. వేలికి పెట్టే పల్స్ ఆక్సిమీటర్ ఆ పతనాన్ని ఆలస్యంగా చెబుతుంది. వదిలిన గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే కాప్నోగ్రఫీ గీత, ఊపిరి ఆగిన మరుక్షణమే చదునవుతుంది. రోజూ ఆ గీతను చూస్తూ, మాస్కు పట్టుకుని సంచితో గాలి ఊదుతూ, దవడను ముందుకు నెట్టి శ్వాసమార్గం తెరుస్తూ, లారింగోస్పాజం అంటే స్వరతంత్రులు బిగుసుకుని గాలి పూర్తిగా మూసుకుపోయే స్థితిని కళ్లారా చూసినవాడు, తర్వాత తన క్లినిక్‌లో సెడేషన్ ఇచ్చేటప్పుడు వేరే మనిషిగా కూర్చుంటాడు.

ఇది ఎందుకు ముఖ్యమో చెప్పడానికి సెడేషన్ మార్గదర్శకాల మూలసూత్రం చాలు. అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ, పిల్లల దంతవైద్యుల అకాడమీ కలిసి వెలువరించిన ఆ మార్గదర్శకాలు 2006లో ఉమ్మడి రూపం దాల్చి, 2016లోనూ 2019లోనూ సవరణలు పొందాయి. వాటి సారం ఏమిటంటే, మీరు ఇవ్వదలచిన మత్తు స్థాయి కంటే బిడ్డ ఒక మెట్టు లోతుకు జారిపోయినా రక్షించగల నైపుణ్యం మీకు ఉండాలి. నోటి ద్వారా ఇచ్చే మిడజోలమ్ అనే మత్తుమందును సాధారణంగా కిలోకు 0.5 మి.గ్రా. చొప్పున ఇస్తారు. ఒక బిడ్డకు ఆ మోతాదు సరిగ్గా సరిపోతుంది, మరొక బిడ్డ దానితో నిద్రలోకి జారుకుంటుంది, ఇంకొక బిడ్డ శాంతించకపోగా మరింత రెచ్చిపోయి ఏడుస్తుంది. మందు ఒకటే అయినా స్పందన ఎలా ఉంటుందో ముందుగా చెప్పలేం. ఆ అనిశ్చితితో బతకడం మత్తువైద్యుల పక్కన నిలబడినప్పుడే తెలుస్తుంది.

దీనితోనే ముడిపడిన మరొక సంగతి, పంటి దగ్గర ఇచ్చే తిమ్మిరి మందు లెక్క. పిల్లల దంతవైద్యంలో లిగ్నోకెయిన్‌కు అనుసరించే గరిష్ఠ పరిమితి కిలోకు 4.4 మి.గ్రా. పదిహేను కిలోల బిడ్డకు అది 66 మి.గ్రా. అవుతుంది. రెండు శాతం మందు ఉన్న 1.7 మి.లీ. కార్ట్రిడ్జ్ (సిరంజిలో అమర్చే మందు గొట్టం) ఒకదానిలో 34 మి.గ్రా. ఉంటుంది, అంటే రెండు కార్ట్రిడ్జ్‌లు పూర్తిగా వాడితే చాలు, పరిమితి దాటిపోతుంది. పెద్దవారికి వైద్యం చేసి వచ్చిన చేతికి రెండు కార్ట్రిడ్జ్‌లు చాలా మామూలు విషయం. నాలుగు వైపులా పుచ్చు ఉన్న బిడ్డకు సెడేషన్ ఇచ్చి, ఒకే విడతలో అంతా ముగించాలని నాలుగు చోట్లా సూది వేస్తే ఏమవుతుందో ఊహించండి. మత్తుమందు ఒకవైపు ఊపిరిని నెమ్మదింపజేస్తుంటే, రక్తంలో పెరిగిన కార్బన్ డయాక్సైడ్ ఇటు తిమ్మిరి మందు విషప్రభావాన్ని మరింత తేలిగ్గా రప్పిస్తుంది. నా దగ్గరికి వచ్చే కొత్త రెసిడెంట్‌తో నేను మొదట చేయించే పని, సిరంజి పట్టకముందే బిడ్డ బరువుతో ఈ లెక్క కాగితం మీద రాయించడం.

ఇక థియేటర్. బయటినుంచి చూసేవారికి ఇది బిడ్డను నిద్రపుచ్చి పళ్లన్నీ ఒకేసారి బాగుచేసే సులువైన మార్గంగా కనిపిస్తుంది. నిజానికి పని అంతా ముందురోజుల్లోనే మొదలవుతుంది. బిడ్డకు గురక ఉందా, టాన్సిల్స్ ఎంత పెద్దవి, నెలలోపు జలుబు దగ్గు వచ్చాయా, కుటుంబంలో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు విపరీతంగా జ్వరం వచ్చిందా, ఎక్కువగా నెత్తురు కారే స్వభావం ఉందా అని అడిగి తెలుసుకోవాలి. ఇటీవలి జలుబు శ్వాసనాళాన్ని రెచ్చగొట్టి, శ్వాస ట్యూబు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ ప్రమాదాన్ని పెంచుతుంది కనుక అత్యవసరం కాని కేసును కొన్ని వారాలు వాయిదా వేయవలసి వస్తుంది. కడుపు ఖాళీగా ఉంచే నియమం కూడా తల్లిదండ్రులకు స్పష్టంగా చెప్పాలి: నీళ్లవంటి తేట ద్రవాలకు రెండు గంటలు, తల్లిపాలకు నాలుగు, డబ్బాపాలకూ తేలికపాటి తిండికీ ఆరు, నూనె పదార్థాలకు ఎనిమిది. ఈ మాట తొందరలో అస్పష్టంగా చెప్పడం వల్ల ఆ రోజు రద్దయ్యే కేసులు వైద్య కారణాలతో రద్దయ్యే వాటి కంటే తక్కువేమీ కాదని నా అనుభవం.

థియేటర్‌లో ట్యూబును సాధారణంగా ముక్కు ద్వారా పెడతారు, నోరు మనకు ఖాళీగా కావాలి కాబట్టి. గొంతులో గుడ్డ పెడతాం, దాన్ని తీసినట్టు అందరూ గట్టిగా చెప్పుకోవాలి, ఎందుకంటే మరిచిపోయిన గుడ్డ ట్యూబు తీసిన క్షణంలో ప్రాణాంతకం. మెలకువలో ఎక్స్‌రే తీయనివ్వని బిడ్డకు అప్పుడే మొదటిసారి ఎక్స్‌రేలు తీస్తాం, దాంతో వేసుకున్న పథకం అక్కడికక్కడే మారిపోతుంది. ఇక్కడ రెసిడెంట్‌కు ఒక కొత్త ఆలోచన అలవాటు కావాలి. క్లినిక్‌లో అయితే అనుమానంగా ఉన్న పంటికి ఫిల్లింగ్ చేసి, విఫలమైతే మళ్లీ చూద్దామనుకోవచ్చు. థియేటర్‌లో ఆ "మళ్లీ" అంటే మరో పూర్తి మత్తు. అందువల్ల రెండు మూడు వైపులా పుచ్చిన పాలదవడ పంటికి ఫిల్లింగ్ కాక స్టీలు క్రౌన్ వేస్తాం, నిలుస్తుందో లేదో తెలియని పంటిని తీసేస్తాం. కొత్తవారికి ఇది దూకుడుగా అనిపిస్తుంది. కాని మత్తుకు ఉన్న ధరను లెక్కలోకి తీసుకుంటే అదే జాగ్రత్త.

ఆ ధర గురించి తల్లిదండ్రులు తప్పక అడుగుతారు, అడగాలి కూడా. 2016 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, మూడేళ్లలోపు పిల్లలకు మూడు గంటలకు మించి లేదా పదేపదే ఇచ్చే మత్తు మెదడు ఎదుగుదలపై ప్రభావం చూపవచ్చని హెచ్చరించింది. 2019లో ఫలితాలు వెలువడిన గ్యాస్ అనే అంతర్జాతీయ అధ్యయనం, పసితనంలో ఒకసారి గంటలోపు ఇచ్చిన మత్తు వల్ల ఐదేళ్ల వయసులో తెలివితేటల్లో తేడా కనిపించలేదని చూపింది. ఈ రెండింటినీ కలిపి, భయపెట్టకుండా, తేలిక చేయకుండా ఒక తల్లికి అర్థమయ్యేలా చెప్పగలగడం క్రౌన్ వేయడం కంటే కష్టమైన నైపుణ్యం. ఇంకొక విషయం దాచకుండా చెప్పాలి: థియేటర్ పళ్లను బాగుచేస్తుంది, పుచ్చును పుట్టించే అలవాట్లను బాగుచేయదు. ఆ తర్వాత ఇంట్లో ఏమీ మారకపోతే కొత్త పుచ్చు వస్తుంది, చాలామందికి వస్తుంది కూడా. థియేటర్ తర్వాత ఆ బిడ్డను ఎవరు, ఎంత తరచుగా చూస్తారో ఏర్పాటు లేని ఆసుపత్రిలో మీరు సగం వైద్యమే నేర్చుకుంటారు.

ఆసుపత్రిని ఎంచుకోవడానికి రెండవ పెద్ద కారణం, పళ్లతో పాటు మరో జబ్బు ఉన్న పిల్లలు. పుట్టుకతో గుండె లోపం ఉన్న బిడ్డ వస్తే యాంటీబయాటిక్ ముందుగా ఇవ్వాలా అన్నది మొదటి ప్రశ్న. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007లో అది అవసరమయ్యేవారి జాబితాను బాగా కుదించింది. కృత్రిమ కవాటం ఉన్నవారు, పూర్వం ఎండోకార్డైటిస్ (గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్) వచ్చినవారు, శరీరం నీలబడేలా చేసే గుండె లోపం బాగుచేయించుకోనివారు, కృత్రిమ పదార్థంతో బాగుచేసి ఆరు నెలలు నిండనివారు వంటి కొద్దిమందికే ఇప్పుడు అది అవసరం. వారికి వైద్యానికి 30 నుంచి 60 నిమిషాల ముందు అమాక్సిసిలిన్ కిలోకు 50 మి.గ్రా., రెండు గ్రాములకు మించకుండా ఇస్తాం. పెన్సిలిన్ పడనివారికి ఒకప్పుడు క్లిండామైసిన్ ఇచ్చేవారు, అదే సంస్థ 2021 ప్రకటన దాన్ని ఇవ్వదగిన మందుల నుంచి తీసేసింది. ఇవన్నీ ఎవరైనా కంఠస్థం చేయగలరు. ఆసుపత్రిలో నేర్చుకునేది హృద్రోగ నిపుణుడిని ఏం అడగాలన్నది. "ఈ బిడ్డకు పళ్ల వైద్యం చేయవచ్చా?" అని లేఖ రాస్తే "చేయవచ్చు" అని ఒక్క మాట తిరిగి వస్తుంది, దానివల్ల మీకు ఒరిగేది ఏమీ లేదు. మీరు చేయబోయే పని ఏమిటో, ఎంతసేపు పడుతుందో, నెత్తురు ఎంత పోవచ్చో, మత్తు ఏ స్థాయిలో ఇవ్వాలనుకుంటున్నారో రాసి, గుండె పనితీరు, మామూలుగా ఉండే ఆక్సిజన్ శాతం, నెత్తురు గడ్డకట్టకుండా వాడే మందులు ఏమిటని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది. పిల్లల వైద్య విభాగంలో గడిపే రెండు వారాలు ఈ భాష నేర్చుకోవడానికే. దురదృష్టవశాత్తు చాలామంది రెసిడెంట్లు దాన్ని సెలవులా గడిపేస్తారు.

హీమోఫీలియా (నెత్తురు సరిగా గడ్డకట్టని జబ్బు) ఉన్న బిడ్డకు కింది దవడ మొత్తం తిమ్మిరెక్కించే నరపు ఇంజెక్షన్ ప్రమాదకరం, ఎందుకంటే లోతైన చోట నెత్తురు కూడుకుంటే శ్వాసమార్గమే మూసుకుపోవచ్చు. నెత్తురు గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ అనే పదార్థాన్ని ముందుగా ఎక్కించాలి, లేదా పంటి చుట్టూ మాత్రమే ఇచ్చే పద్ధతులు ఎంచుకోవాలి. ఫ్యాక్టర్ ఎప్పుడు ఎక్కించారో దానికి మన సూది సమయాన్ని జతచేయడం నర్సుతో, రక్తవ్యాధుల విభాగంతో మాట్లాడి చేసే పని, ఒంటరిగా క్లినిక్‌లో కూర్చుని చేసేది కాదు. ల్యుకేమియా (రక్తపు క్యాన్సర్) వచ్చిన బిడ్డ విషయంలో గడియారం మీకు వ్యతిరేకంగా తిరుగుతుంది. కీమోథెరపీ మొదలయ్యేలోపు దొరికే కొద్ది సమయంలో చీము పట్టిన పంటిని ముందు తీయాలి, నొప్పిలేని చిన్న పుచ్చును తర్వాతకు వదలాలి. కీమో మొదలయ్యాక తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ సంఖ్య 1000 కంటే తగ్గితే అత్యవసరం కానిదేదీ ముట్టుకోకూడదు. ఏది వదలాలో తెలిసిన దంతవైద్యుడికే క్యాన్సర్ విభాగంవారు మళ్లీ ఫోన్ చేస్తారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది, పైగా మెడ మొదటి రెండు ఎముకల మధ్య పట్టు సడలి ఉండే అవకాశం ఉంది కనుక, నోరు తెరిపించడానికి తలను ఎలా వంచుతున్నామన్నది కూడా వైద్యంలో భాగమే.

గ్రహణమొర్రి బృందం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే పుట్టిన కొద్దివారాల నుంచి యుక్తవయసు దాకా ఒకే బిడ్డను అనుసరించే అవకాశం ఇక్కడే దొరుకుతుంది. పెదవి కుట్టడానికి ముందు మొదటి వారాల్లో ముక్కునూ చిగురునూ దగ్గరికి తెచ్చే చిన్న పలక తయారుచేయడం, పాలపళ్లు వచ్చాక పుచ్చు రాకుండా కాపాడడం, శాశ్వత కోరపన్ను దిగే ముందు చిగురులోని ఖాళీలో ఎముక నింపే శస్త్రచికిత్సకు నోటిని సిద్ధం చేయడం, ఇవన్నీ ప్లాస్టిక్ సర్జన్, మాటలు నేర్పే నిపుణులు, పళ్ల వరుస సరిచేసే ఆర్థోడాంటిస్టుతో ఒకే గదిలో కూర్చుని నిర్ణయించే పనులు. ఆ సమావేశాల్లో రెసిడెంట్ మూల కుర్చీలో కూర్చుని చూసి వెళ్తాడా, తన రోగి గురించి తానే నిలబడి చెబుతాడా అన్నది కార్యక్రమం నాణ్యతకు మంచి కొలత.

రాత్రి ఆన్-కాల్ డ్యూటీ గురించి కూడా చెప్పాలి. ఎక్కువ ఫోన్లు దెబ్బల గురించే వస్తాయి. ఊడిపోయినది శాశ్వత దంతమైతే వెంటనే దాని స్థానంలో పెట్టించాలి, కుదరకపోతే పాలలో ఉంచి తెమ్మనాలి. గాలికి ఎండి గంట దాటితే వేరు మీది కణాలు బతకవు. ఊడింది పాలపన్ను అయితే మాత్రం తిరిగి పెట్టకూడదు, లోపల పెరుగుతున్న శాశ్వత దంతానికి హాని. ఆందోళనలో ఉన్న తండ్రికి ఫోనులో ఈ తేడా అర్థమయ్యేలా చెప్పి, అది ఏ పన్నో అతని చేత గుర్తింపజేయాలి. ముఖం వాచి జ్వరంతో వచ్చిన బిడ్డను యాంటీబయాటిక్ రాసి ఇంటికి పంపాలా, సిరలోకి మందు ఎక్కించడానికి చేర్చుకోవాలా అన్నది ఇంకా బరువైన నిర్ణయం. కన్ను మూసుకుపోయేంత వాపు, నోరు తెరవలేకపోవడం, నాలుక కింద గట్టిపడడం, లాలాజలం మింగలేకపోవడం, వీటిలో ఒక్కటి ఉన్నా ఇంటికి పంపే ఆలోచన మానుకోవాలి. అదే రాత్రి, ఇంకా నడవడం రాని పసిబిడ్డకు పైపెదవి లోపలి పొర చిరిగి ఉండి, పడిపోయాడన్న కథ దానికి పొసగకపోతే, అది హింస కావచ్చన్న అనుమానాన్ని చట్టప్రకారం నివేదించవలసిన బాధ్యత దంతవైద్యుడిది కూడా. ఆసుపత్రిలో ఆ పనికి సామాజిక కార్యకర్తలు, బాలల రక్షణ బృందం తోడుంటారు. మొదటిసారి అటువంటి నివేదిక ఒంటరిగా కాక వారితో కలిసి రాయడం చాలా తేడా తెస్తుంది.

ఇప్పటిదాకా ఆసుపత్రి గొప్పలు చెప్పాను, లోటుపాట్లూ చెప్పాలి. మొదటిది, థియేటర్ చేతికి అందుబాటులో ఉన్నచోట బిడ్డను మాటలతో మచ్చిక చేసుకునే ఓపిక తగ్గుతుంది. చెప్పి, చూపించి, ఆ తర్వాత చేసే పాత పద్ధతి, ఏడ్చే బిడ్డను నిమిషం ఆపి మళ్లీ మొదలుపెట్టే నేర్పు, తల్లి ఒడిలో బిడ్డను పడుకోబెట్టి మోకాళ్లకు మోకాళ్లు ఆనించి చేసే పరీక్ష, ఇవన్నీ రోజూ మామూలు పిల్లలను చూస్తేనే వస్తాయి. ఏ ఏడుపు వినపడినా థియేటర్ తేదీ రాసే రెసిడెంట్ రేపు థియేటర్ లేని క్లినిక్‌లో నిస్సహాయుడవుతాడు. రెండవది, పళ్ల వరుస సరిచేసే ప్రాథమిక చికిత్స, ఎదుగుదలను ఏళ్ల తరబడి గమనించడం దంతకళాశాలల్లో సాధారణంగా మెరుగ్గా నేర్పుతారు. పరిశోధన చేసి మాస్టర్స్ పట్టా పొందాలనుకునేవారికి కూడా విశ్వవిద్యాలయమే అనుకూలం. మూడవది, ఆసుపత్రిలో థియేటర్ కోసం నెలల తరబడి వేచి ఉండే జాబితాలు ఉంటాయి. మంచి కార్యక్రమం ఆ ఎదురుచూపును కూడా పాఠంగా మలుస్తుంది. 38 శాతం సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ అనే ద్రవం పూసి పుచ్చును ఆపడం, తొలిచే పని లేకుండా పుచ్చు మీదనే క్రౌన్ బిగించే హాల్ పద్ధతి, ఫ్లోరైడ్ వార్నిష్, ఇవి సరిగ్గా వాడితే జాబితాలోని పిల్లల్లో కొందరికి థియేటర్ అవసరమే తప్పిపోతుంది. సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ పుచ్చును నల్లగా చేస్తుందని ముందే చూపించి ఒప్పించాలి, లేకపోతే పుచ్చు ఆగినా తల్లిదండ్రుల నమ్మకం పోతుంది.

జీతం సంగతి క్లుప్తంగా. ఆసుపత్రి రెసిడెంట్ ఉద్యోగి, కాబట్టి జీతం వస్తుంది. విశ్వవిద్యాలయాల్లో కొన్ని జీతం ఇస్తాయి, కొన్ని పైపెచ్చు ఫీజు తీసుకుంటాయి. ఈ తేడాకు కారణం, ఆసుపత్రులకు వైద్యశిక్షణ కోసం మెడికేర్ (ప్రధానంగా వృద్ధుల కోసం ఉన్న ప్రభుత్వ ఆరోగ్యబీమా) నిధులు అందడం. 1997 చట్టం వైద్య రెసిడెంట్ల సంఖ్యపై పెట్టిన పరిమితి దంతవైద్య రెసిడెంట్లకు వర్తించదు. మెడికేర్ రోగులు దాదాపు లేని పిల్లల ఆసుపత్రుల కోసం 1999లో విడిగా నిధి ఏర్పాటైంది. కొత్త దంతవైద్య రెసిడెన్సీలు ఆసుపత్రుల్లో పుట్టుకురావడానికి ఇది ఒక బలమైన కారణం. అందులోనే ఒక ప్రమాదమూ ఉంది: కొన్ని చోట్ల రెసిడెంట్‌ను శిష్యుడిగా కాక చవకైన పనివాడిగా చూస్తారు. రోజుకు ఎంతమంది రోగులను చూపిస్తారన్నదాన్ని గొప్పగా చెప్పి, పాఠాలు ఎప్పుడు జరుగుతాయని అడిగితే తడబడే చోటు పట్ల జాగ్రత్తగా ఉండండి.

కాబట్టి ఇంటర్వ్యూలో అడగవలసినవి నా దృష్టిలో ఇవి. మత్తువైద్య రొటేషన్ నాలుగు వారాల్లో మిమ్మల్ని దంతవైద్య క్లినిక్‌కు మధ్యలో వెనక్కి పిలుస్తారా? థియేటర్‌కు ముందు పరీక్ష ఎవరు చేస్తారు, మీరేనా, మరెవరో చేసి పెడితే మీరు పళ్లు మాత్రమే చేస్తారా? రాత్రి డ్యూటీలో అటెండింగ్ (మిమ్మల్ని పర్యవేక్షించే సీనియర్ వైద్యుడు) ఫోను ఎత్తుతాడా, అవసరమైతే వస్తాడా? సెడేషన్‌లో ఆపద వస్తే ఏం చేయాలో బొమ్మలతో అభ్యాసం ఎంత తరచుగా జరుగుతుంది? థియేటర్‌లో వైద్యం పొందిన బిడ్డను ఏడాది తర్వాత అదే రెసిడెంట్ చూస్తాడా? ఇవి అధ్యాపకులను కాదు, రెండవ సంవత్సరం రెసిడెంట్లను, అధ్యాపకులు లేనప్పుడు అడగండి. వారి జవాబులో సంకోచం ఎక్కడ వస్తుందో గమనిస్తే మీకు కావలసింది తెలిసిపోతుంది.

మీ విషయంలో నా సలహా సూటిగా చెప్పాలంటే: జబ్బున్న పిల్లలకు వైద్యం చేయడం, ఆసుపత్రిలో పనిచేయడం, లేదా క్లినిక్‌లో స్వయంగా సెడేషన్ ఇవ్వడం మీ ఉద్దేశమైతే పిల్లల ఆసుపత్రి ఉన్న కార్యక్రమాన్నే పైన పెట్టండి. బోధన, పరిశోధన, పళ్ల వరుస చికిత్స మీ మనసులో ఉంటే విశ్వవిద్యాలయం వైపు చూడండి, కాని దానికి అనుబంధంగా బలమైన పిల్లల ఆసుపత్రి ఉందో లేదో చూడండి. దరఖాస్తులు సాధారణంగా పాస్ అనే ఉమ్మడి వ్యవస్థ ద్వారా వెళ్తాయి, ఎంపిక చాలావరకు మ్యాచ్ (అభ్యర్థులూ కార్యక్రమాలూ ఇచ్చే వరుస జాబితాలను జతపరిచే పద్ధతి) ద్వారా జరుగుతుంది. కొన్ని కార్యక్రమాలు 2016లో మొదలైన అడాట్ అనే ప్రవేశ పరీక్ష మార్కులు అడుగుతాయి. విదేశీ డిగ్రీ ఉన్నవారిని తీసుకోవాలా వద్దా అన్నది ఒక్కో కార్యక్రమం నిర్ణయం, ఆసుపత్రి కార్యక్రమాల్లో అటువంటివారిని తీసుకునేవి తక్కువేమీ కాదు. అయితే రెసిడెన్సీ పూర్తిచేయడం, స్పెషలిస్టుగా ధ్రువీకరణ ఇచ్చే బోర్డు పరీక్ష రాయడం, రాష్ట్రంలో వైద్యం చేసే లైసెన్సు పొందడం మూడూ వేర్వేరు. విదేశీ డిగ్రీకి తోడు గుర్తింపు పొందిన రెసిడెన్సీ ఉంటే చాలునని కొన్ని రాష్ట్రాలు అంగీకరిస్తాయి, కొన్ని అమెరికాలో గుర్తింపు పొందిన దంతవైద్య డిగ్రీనే కోరతాయి. మ్యాచ్‌లో మీ వరుస జాబితా సమర్పించకముందే, మీరు స్థిరపడాలనుకునే రాష్ట్రపు దంతవైద్య బోర్డు నియమాలు చదివి, సందేహం ఉంటే వారికే లిఖితపూర్వకంగా రాసి జవాబు తెప్పించుకోండి.